నవ్వు షాట్‌కి నంబరు ఉండదు

సినిమాల్లో ఏం చేసేవారండీ అని ఎవరైనా అడిగితే, అన్నం పెట్టేవాణ్ణి అని చెబుతాను. అందులో అబద్ధం లేదు. ప్రొడక్షన్ మేనేజరు పొద్దున్నే ఇడ్లీ వచ్చిందో లేదో చూడాలి. వాన పడితే గొడుగులు చూడాలి. ఏనుగు కావాలంటే ఏనుగును చూడాలి, ఏనుగు దొరక్కపోతే ఏనుగు అక్కర్లేని సీను డైరెక్టరు చేతే రాయించాలి. ముప్ఫై ఏడేళ్ళు నేను చేసింది ఇదే. ఇప్పుడు ఏలూరు పవర్‌పేటలో మా వరండాలో కూర్చుని మోకాళ్ళకు తైలం రాసుకుంటున్నాను.

ఈ పనిలోకి కొత్తగా దిగిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, రత్నం గారూ, మీ అనుభవాలు చెప్పండి అంటారు. వాళ్ళు వినాలనుకునేది పెద్ద సినిమాల గురించి. పెద్ద సినిమాల్లో నేర్చుకునేదేమీ ఉండదు. అక్కడ మీరు తప్పు చేస్తే అది ఇంకొకరి మీద పడుతుంది, ఇంకొకరు చేస్తే మీ మీద పడుతుంది, సాయంత్రానికి అందరూ మర్చిపోతారు. నేను నేర్చుకున్నదంతా నా ఆఖరి సినిమాలోనే నేర్చుకున్నాను. అది చైనా దేశపు విప్లవ వనిత ఒకావిడ జీవితకథ. నిండా కత్తియుద్ధాలు. తీసింది కొల్లేట్లో.

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. తర్వాత నవ్వడానికి వీలుకాకపోవచ్చు.

చెప్పులకేసి చూడు

ముందు మా గురువు గారి గురించి ఒక్క మాట. మద్రాసులో నాకు పని నేర్పిన శేషయ్య గారు మహా ఘటికుడు. వంద మంది జూనియర్ ఆర్టిస్టులను పిలిచి, నలభై మందికే బట్టలు ఉన్నా, తక్కిన అరవై మందీ సంతోషంగా ఇంటికి వెళ్ళేట్టు మాట్లాడగలడు. నేను చేరిన మొదటి వారంలోనే నన్ను పక్కకు పిలిచి ఒక సూత్రం చెప్పారు.

"రత్నం, మన పని మాట ఇవ్వడం. నిలబెట్టుకోవడం మన పని కాదు. అందుకని మాట ఇచ్చేటప్పుడు అవతలివాడి కళ్ళలోకి చూడకు. చెప్పులకేసి చూడు. అప్పుడు ఆ మాట నీది కాదు, కంపెనీది."

ముప్ఫై ఏడేళ్ళు నేను జనం చెప్పులే చూశాను. 'తర్వాతి సినిమాలో మీకే వేషం' అని ఎన్ని జతల చెప్పులకు చెప్పానో నాకే తెలియదు. ఒక్కసారి మాత్రం తల ఎత్తాను. ఈ కథంతా ఆ ఒక్కసారి గురించే.

రాజు గారి చైనా

నిర్మాత రాజు గారిది ఆకివీడు వైపు. చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఉన్న ఆసామి. చెరువుల్లో నీళ్ళు చిలికే యంత్రాలు చూడటానికి చైనా వెళ్ళారు. అక్కడేదో ఊళ్ళో కత్తి పట్టుకున్న ఆడమనిషి విగ్రహం చూసి, ఎవరీవిడ అని గైడును అడిగారు. గైడు చెప్పిన కథ విని బస్సు ఎక్కడం మర్చిపోయారు. తిరిగివచ్చిన మర్నాడే నన్ను పిలిపించారు.

"వందేళ్ళ పైమాటండీ రత్నం గారు. అక్కడ ఆడపిల్లల పాదాలు గుడ్డలతో బిగించి కట్టేసేవారంట, పెరక్కుండా. ఈవిడ ఆ కట్లు విప్పేసిందండి. మొగుణ్ణి వదిలేసి జపాన్ వెళ్ళి చదువుకుంది. మగబట్టలు వేసుకుని కత్తి నేర్చుకుంది. తిరిగొచ్చి బడి పెట్టి పిల్లలకి డ్రిల్లు నేర్పిందంట. పైకి డ్రిల్లండి, లోపల చక్రవర్తి మీద తిరుగుబాటు. పట్టుకుని తల తీసేశారండి."

చెబుతూ చెబుతూ కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. తర్వాత వ్యాపారం గుర్తొచ్చింది. "చైనావాళ్ళు మన రొయ్య తింటున్నారు కదండీ. మన సినిమా చూడరంటారా?"

చూస్తారండీ అన్నాను, ఆయన చెప్పులకేసి చూస్తూ. ఆవిడ అసలు పేరు మా యూనిట్‌లో ఎవరికీ నోరు తిరగలేదు. రాజు గారు 'అమ్మగారు' అన్నారు, మేమూ అదే అన్నాం.

డైరెక్టరు ప్రకాశ్ కుర్రాడు, చదువుకున్నవాడు, చెడ్డవాడు కాదు. కానీ అన్నింటికీ 'సింబాలిక్' అనేవాడు. అమ్మగారి కథకు వెదురు అడవి కావాలన్నాడు. మన దగ్గర వెదురు అడవి ఎక్కడుంది? పెదవేగిలో ఆయిల్‌పామ్ తోట చూపించాను. ఇది వెదురు కాదు కదండీ అన్నాడు. సింబాలిక్ అన్నాను. ఒప్పుకున్నాడు. చక్రవర్తి భవనానికి భీమడోలు దగ్గర మూతపడిన రైస్‌మిల్లు దొరికింది. ఎర్రరంగు వేసి లాంతర్లు కట్టాం. 'బస్తాలు ఇక్కడ దించరాదు' అన్న రాత ఒక్కటి గోడ మీద ఉండిపోయింది. సినిమాలో చక్రవర్తి సింహాసనం వెనకాల అది ఇప్పటికీ కనిపిస్తుంది. సరస్సుకు మాత్రం ఇబ్బంది లేదు. రాజు గారి చెరువుల గట్టు మీద నిలబడితే అటు కొల్లేరు, పొగమంచు, గూడకొంగలు. అది చైనా కాదని చైనావాడు కూడా చెప్పలేడు.

ఎస్తేరు రాణి గారు

అమ్మగారి వేషానికి ముంబై నుంచి హీరోయిన్ వస్తుంది. ముంబై హీరోయిన్ కత్తి తిప్పదు కాబట్టి ఆవిడకు డూప్ కావాలి. భీమడోలు దగ్గర ఒక మిషన్ స్కూల్లో డ్రిల్ టీచరు కరాటే నేర్పుతారని ఎవరో చెబితే వెళ్ళాను.

ఎస్తేరు రాణి గారికి ముప్ఫై అయిదేళ్ళు ఉంటాయి. బక్కపలచటి మనిషి, గొంతు మెత్తన. షెడ్డులో ఇరవై రెండు మంది ఆడపిల్లలు వరుసగా నిలబడి గాలిని తంతున్నారు. వాళ్ళ వెనకాల గోడ పక్కన పది కుట్టు మిషన్లు ముసుగులు వేసుకుని ఉన్నాయి. విషయం చెప్పాను. ఆవిడ నన్ను కరెస్పాండెంటు దైవప్రసాదం గారి గదికి తీసుకువెళ్ళారు.

దైవప్రసాదం గారు పెద్దాయన. నెమ్మదిగా, ప్రార్థన చేస్తున్నట్టు మాట్లాడతారు.

"ఏవండీ, నాకు టీచరు గారి మీద కోపమేమీ లేదండి. పిల్లల తల్లులే వచ్చి అడుగుతున్నారు, ఆడపిల్లలకి ఈ తన్నుడు దేనికండీ అని. కుట్టుపని అయితే రేపు అన్నం పెడుతుంది. మిషన్లు కూడా వచ్చేశాయి. జూన్ నించి ఆ షెడ్డులో కుట్టుపనే పెడదామనుకుంటున్నానండి."

"సెలవు ఇప్పించండి సారూ," అన్నారు ఎస్తేరు రాణి గారు. "ఆ సినిమాలో కనబడితే తల్లులు చూస్తారు కదండీ. దీనికీ విలువుందని వాళ్ళకి తెలుస్తుంది."

దైవప్రసాదం గారు కిటికీలోంచి షెడ్డుకేసి చూశారు. "మంచిదేనండి. తెర మీద మన టీచరు గారి ముఖం కనబడితే కరాటే ఉంచుదాం. కనబడకపోతే మిషన్లు వేసేద్దాం. సరేనాండీ?"

బయటికొచ్చాక నేను యథాప్రకారం ఆవిడ చెప్పులకేసి చూసి, "తప్పకుండా కనబడతారమ్మా" అన్నాను.

"నిజంగానాండీ? సినిమావాళ్ళ మాటాండీ?" అన్నారావిడ.

అంత మెత్తగా నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. తల ఎత్తాను. ఎత్తకుండా ఉండాల్సింది. "నిజంగానే అమ్మా. ఒక్క షాట్‌లోనైనా మీ ముఖం ఉంటుంది. నాదీ పూచీ" అన్నాను.

డూప్ ముఖం కనబడకూడదు. డూప్ అంటేనే అది. రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్టు ఉంటుంది ఈ మాట మీకు చెప్పడం. అయినా పూచీ పడ్డాను. దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను.

మూడు ప్రయత్నాలు

కరాటే జపాన్‌ది, అమ్మగారు చైనా, కుదరదు అన్నాడు ప్రకాశ్ మొదటిరోజునే. ఎస్తేరు రాణి గారు నింపాదిగా, "ఆవిడ జపాన్‌లో చదువుకున్నారంట కదండీ. అక్కడ నేర్చుకుని ఉంటారు" అన్నారు. ప్రకాశ్ సరే కానివ్వండి అన్నాడు. ఆ సినిమాలో చరిత్ర చదువుకుని వచ్చింది ఆవిడ ఒక్కరే. అమ్మగారు కూడా డ్రిల్ టీచరే కదండీ అని నాతో రెండుసార్లు అన్నారు.

ఆవిడ ముఖాన్ని ఎలాగైనా ఎక్కడో ఒకచోట ఇరికించాలని నేను మూడుసార్లు ప్రయత్నించాను. మొదట బడి సీనులో విద్యార్థిని వేషం వేయించి ముందు వరుసలో కూర్చోబెట్టాను. ప్రకాశ్ చూసి, డూప్‌ను ముందు కూర్చోబెడతారాండీ అని వెనక్కి పంపాడు. వెనక స్తంభం అడ్డం వచ్చింది. రెండోసారి రేవు సీనులో కూరగాయలమ్మే మనిషిగా నిలబెట్టాను. ఆ సీనుకు చైనా టోపీలు తాటాకుతో అల్లించాను. అల్లినాయన తల కొలత అడిగితే నేను నా తల కొలత ఇచ్చాను. ఆవిడ వేసుకుంటే టోపీ గడ్డం దాకా దిగిపోయింది. తెర మీద టోపీ కూరగాయలు అమ్మింది.

మూడోసారి అంతా సవ్యంగానే కుదిరింది. గట్టు మీద గుంపులో ఆవిడ ముఖం నిండుగా కనబడుతోంది. కెమెరా మెల్లగా ఆవిడ మీదికి వస్తోంది. సరిగ్గా అప్పుడు ముప్ఫై గూడకొంగలు నీళ్ళ మీద వాలాయి. కెమెరామన్ మస్తాన్ గారు నాకు ముప్ఫై ఏళ్ళ స్నేహితుడు, గొప్ప పనివాడు, కానీ పక్షి కనబడితే మనిషిని వదిలేస్తాడు. కెమెరా అటు తిరిగిపోయింది.

"పరవాలేదండి," అన్నారు ఎస్తేరు రాణి గారు. "ఇంకా రోజులున్నాయి కదండీ."

ట్రాక్టరు

ఈ ముక్క ప్రత్యేకంగా మేనేజర్ల కోసం రాస్తున్నాను. అమ్మగారు వెదురు అడవి మీదుగా గాల్లో ఎగిరి శత్రువులను కొట్టాలి. హీరోయిన్ ముఖం కనబడే షాట్ కాబట్టి డూప్ పనికిరాదు. క్రేను దొరకలేదు, ట్రాక్టరు దొరికింది. తాడు ఒక కొస హీరోయిన్ నడుముకు, పైన కప్పీ, రెండో కొస ట్రాక్టరుకు. ట్రాక్టరు ముందుకు పోతే హీరోయిన్ పైకి లేస్తుంది, వెనక్కి వస్తే దిగుతుంది. డ్రైవరుకు వివరంగా చెప్పాను. 'ఆయ్' అన్నాడు.

హీరోయిన్ బ్రహ్మాండంగా లేచింది. అదే సమయానికి పెరుగు రాలేదని కబురొస్తే నేను పక్కకు వెళ్ళాను. ప్రకాశ్ కట్ అన్నాడు. కట్ అంటే పని అయిపోయినట్టని డ్రైవరుకు ఎవరో అంతకుముందు చెప్పారు. పని అయిపోయింది కదా అని బండి ఆపి, తాళం జేబులో వేసుకుని, పెదవేగిలో వాళ్ళ అక్కగారింటికి భోజనానికి వెళ్ళిపోయాడు. నేను పెరుగుతో తిరిగి వచ్చేసరికి ముంబై హీరోయిన్ ఆయిల్‌పామ్ మట్టల ఎత్తున కత్తి పట్టుకుని వేళ్ళాడుతోంది. కింద యూనిట్ అంతా తలెత్తి చూస్తోంది. ఆ మట్టలకు ముళ్ళు ఉంటాయి.

చివరికి ఎస్తేరు రాణి గారు చెట్టెక్కి ఆవిడను పట్టుకుని, మేము ట్రాక్టరును చేతులతో వెనక్కి నెట్టి, దించాం. హీరోయిన్ నేల మీద కాలు పెట్టగానే కారెక్కి గన్నవరం విమానాశ్రయానికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. తప్పు డ్రైవరుది కాదు, నాది. తాడు ఎవరి చేతిలో ఉందో వాళ్ళ పక్కనే మేనేజరు ఉండాలి. పెరుగు ఎవరైనా తెస్తారు.

ఇక మిగిలిన సినిమా అంతా డూప్‌తోనే. నా కష్టం గట్టెక్కిందని సంబరపడ్డాను. ఎంత తెలివితక్కువవాణ్ణో చూడండి. పోస్టరు మీద హీరోయిన్ ముఖం వేయించేశారు రాజు గారు. కాబట్టి మిగిలిన సినిమాలో ముఖమే కనబడకూడదన్నాడు ప్రకాశ్. ఎస్తేరు రాణి గారు వీపుతో చదివారు, వీపుతో పోరాడారు, వీపుతో మొగుణ్ణి వదిలేశారు. మధ్యమధ్య హీరోయిన్ అంతకుముందు ఇచ్చిన క్లోజప్పులు అతికించారు. ప్రతి క్లోజప్పులోనూ ఆవిడ ఒకేలా ఆశ్చర్యపోతుంది.

జడల సైన్యం

ఆ కాలంలో చైనా మగవాళ్ళకు పొడుగాటి జడలుండేవట. చక్రవర్తి సైనికులకు కూడా. నలభై సవరాలు తెప్పించి, కొల్లేటి లంకల నుంచి పడవలు నడిపే కుర్రాళ్ళను నలభై మందిని పిలిచాను. సవరాలు చూడగానే వాళ్ళు లేచి నిలబడ్డారు.

"కత్తులిస్తే పట్టుకుంటామండి. జడలేసుకుంటే రేపు ఊళ్ళో మమ్మల్ని ఎవరు బతకనిస్తారండీ?" అన్నాడు వాళ్ళ పెద్ద. ఎంత బతిమాలినా వినలేదు. పడవలెక్కి వెళ్ళిపోయారు.

ఎండ ఎక్కుతోంది. ప్రకాశ్ తల పట్టుకున్నాడు. ఆరోజు మా యూనిట్‌కు వంట చేయడానికి ఎస్తేరు రాణి గారి స్కూలు పిల్లల తల్లులు వచ్చారు, పాతికమంది. అందరికీ జడలున్నాయి. ఇంత తేలికైన సంగతి నాకు తట్టడానికి గంట పట్టింది.

మార్తమ్మ గారని, వాళ్ళలో గట్టి మనిషి. స్కూల్లో కరాటే వద్దని మొదట దైవప్రసాదం గారికి చెప్పింది ఆవిడే. ఆవిడకు మీసం అంటించి, కోటు తొడిగి, చేతికి బల్లెం ఇచ్చాను. నీళ్ళలో చూసుకుని, "మా ఆయన కంటే బాగున్నానండి" అంది. అంతే, మిగతావాళ్ళు మీసాల కోసం తోసుకున్నారు. ఆ విధంగా చైనాలో ఆడవాళ్ళ విముక్తి కోసం పోరాడిన మొదటి స్త్రీని బంధించడానికి పాతికమంది తల్లులు బయల్దేరారు.

అరెస్టు సీను తీయడానికి ఒక పూట పట్టింది. సైనికులు ఎవరూ గట్టిగా పట్టుకోరు. "టీచరు గారూ, చెయ్యి నొప్పెడుతుందాండీ?" అని అడుగుతుంటుంది మార్తమ్మ గారు, కెమెరా తిరుగుతుండగానే.

"లాగండి మార్తమ్మ గారూ, గట్టిగా లాగండి," అని ఎస్తేరు రాణి గారే చెప్పాలి. ఒక సైనికురాలు బల్లెం కింద పెట్టి ఆవిడ చీలమండకు గుచ్చుకున్న ముల్లు తీసింది. అది కూడా సినిమాలో ఉంది. ప్రకాశ్ అది సింబాలిక్ అన్నాడు.

ఆఖరి రోజు

ఆఖరి రోజు మరణశిక్ష సీను. సీను నంబరు తొంభై రెండు. అది అయిపోతే గుమ్మడికాయ కొట్టి అందరం ఇళ్ళకు పోవడమే.

తలారి వేషం రాజు గారే వేశారు. పెట్టుబడి పెట్టినవాడు ఎక్కడో ఒకచోట కనబడాలి కదండీ అన్నారు. ఎర్రటి కోటు, పెద్ద కత్తి. కానీ ఆయన మెత్తని మనిషి. కత్తి ఎత్తిన ప్రతిసారీ, "ఏమీ అనుకోకు తల్లీ" అని దణ్ణం పెట్టేవారు. నాలుగుసార్లు తీశాం. ఐదోసారి కళ్ళు మూసుకుని కత్తి దించారు. ఎస్తేరు రాణి గారు జుట్టు ముఖం మీద పడేట్టు ఒరిగారు. ఎర్రరంగు గట్టు మీద కారింది. ప్రకాశ్ కట్ అని, ఓకే అని, భోజనానికి వెళ్ళిపోయాడు.

మన సినిమావాళ్ళకు ఒక ఆచారం ఉంది. చచ్చిపోయిన వేషం వేసినవాళ్ళు అక్కడే లేచి కెమెరాకేసి చూసి నవ్వాలి. ఆ నవ్వు తీశాకే మనిషి చోటు వదలాలి. లేకపోతే అపశకునం. దాన్ని నవ్వు షాట్ అంటాం. దానికి క్లాపు కొట్టరు, నంబరు ఉండదు, డైరెక్టరు కూడా ఉండడు. కెమెరామన్ ఒక్కడే తీసేస్తాడు. నంబరున్న షాట్ ఎడిటింగుకు వెళ్తుంది. నంబరు లేనిదాన్ని ఎవరూ తెరిచి కూడా చూడరు.

"నవ్వమ్మా, భోజనానికి పోదాం," అన్నారు మస్తాన్ గారు.

"మాకు అలాంటి పట్టింపులు లేవండి," అన్నారు ఎస్తేరు రాణి గారు, నేల మీద నుంచే.

"నాకు ఉన్నాయి తల్లీ," అన్నారు రాజు గారు, కత్తి చేతిలోనే ఉంది. "నువ్వు నవ్వితే గానీ నేను ఇంటికి వెళ్ళను."

ఆవిడ నాకేసి తల తిప్పారు. "రత్నం గారూ, ఇదే ఆఖరి షాటాండీ?"

"ఆఖరిదేనమ్మా."

"మరి నా ముఖమండీ?"

నేను ఆవిడ చెప్పులకేసి చూద్దామనుకున్నాను. ఆవిడ కాళ్ళకు చెప్పులు లేవు. రంగూ బురదా పట్టిన పాదాలు ఉన్నాయి. అవతల పాతికమంది సైనికులు బల్లేల మీద ఆనుకుని ఏడుస్తున్నారు. టీచరు గారి తల తీయడం చూసి, ఉత్తుత్తిదే అని తెలిసి కూడా, వాళ్ళకు ఏడుపు ఆగలేదు. ఆ ఏడుపు దైవప్రసాదం గారు చూస్తే కరాటే ఉంచేసేవారేమో. కానీ వాళ్ళు ఏడ్చింది లెక్కలోకి రాదు, తెర మీద ముఖమే లెక్క.

అసిస్టెంటు భోజనానికి వెళ్తూ క్లాపు బోర్డు కుర్చీలో వదిలేశాడు. అది తీసుకున్నాను. సుద్దముక్కతో సీను తొంభై రెండు, షాట్ ఏడు అని రాసి, కెమెరా ముందుకు వెళ్ళి కొట్టాను.

మస్తాన్ గారు కెమెరా వెనక నుంచి తల బయటపెట్టారు. "నవ్వు షాట్‌కి నంబరేంటయ్యా?"

"ఉండనివ్వండి," అన్నాను.

ఆయన నన్ను ఒక్క క్షణం చూసి, మళ్ళీ తల లోపల పెట్టి కెమెరా తిప్పారు. ముప్ఫై ఏళ్ళ స్నేహమంటే అదే.

ఎస్తేరు రాణి గారు లేచి కూర్చున్నారు. ముఖం మీది జుట్టు వెనక్కి తోసుకున్నారు. నవ్వలేదు. నేను కెమెరా పక్కనే నిలబడి ఉన్నాను. ఆవిడ నన్ను చూశారు. తిట్టలేదు, ఏడవలేదు, చూశారు. ఎంతసేపు చూశారో తెలియదు. నా జన్మలో అంత సిగ్గు నేను ఎప్పుడూ పడలేదు. గట్టు దిగి నీళ్ళలో దాక్కుందామనిపించింది.

అప్పుడు మార్తమ్మ గారు ముక్కు చీదింది. కన్నీళ్ళకు జిగురు ఊడి ఆవిడ మీసం జారి గడ్డానికి అతుక్కుంది. ఆ సంగతి తెలియక ఆవిడ మీసం కోసం పై పెదవి మీద తడుముకుంటోంది. ఎస్తేరు రాణి గారు అటు చూశారు. ముందు పెదవి కొస కదిలింది. తర్వాత, కళ్ళలో కోపం ఇంకా అలాగే ఉండగా, నవ్వు ముఖమంతా పాకింది.

రాజు గారు హమ్మయ్య అని కత్తి కింద పెట్టారు. గుమ్మడికాయ కొట్టాం.

'గుర్తులేదు' అనని మనుషులు

రెండు నెలల తర్వాత హైదరాబాదులో ఎడిటరు ప్రకాశ్‌ను అడిగాడట, "తొంభై రెండులో ఏడో షాట్ ఉందండి. చచ్చిపోయినావిడ లేచి చూసి నవ్వుతోంది. ఇదేంటండీ?" అని.

ప్రకాశ్ ఆ షాట్ తీయలేదు. తీసినట్టు అతనికి గుర్తు ఉండే అవకాశమే లేదు. కానీ నంబరు ఉంది, క్లాపు ఉంది. నా ముప్ఫై ఏడేళ్ళలో 'నాకు గుర్తులేదు' అన్న డైరెక్టరును నేను చూడలేదు. ప్రకాశ్ రెండు నిమిషాలు ఆలోచించి, "అది నేను కావాలనే తీశాను. ఆమె చనిపోయి, ముఖం మారి, సామాన్య స్త్రీగా లేస్తుంది. సింబాలిక్" అన్నాడట. సినిమా దానితోనే ముగించాడు.

పిల్లలూ, ఇది రాసిపెట్టుకోండి. పొరపాటును పొరపాటు అని ఒప్పుకునేవాళ్ళ దగ్గర మీ పప్పులు ఉడకవు. ఒప్పుకోనివాళ్ళ దగ్గర ఎంత పనైనా చేయించుకోవచ్చు.

మార్నింగ్ షో

సినిమా చైనాలో విడుదల కాలేదు. తాడేపల్లిగూడెంలో అయింది. మొదటి రోజు మార్నింగ్ షోకి భీమడోలు నుంచి స్కూలు బస్సు వచ్చింది. ఇరవై రెండు మంది పిల్లలు, తల్లులు, దైవప్రసాదం గారు, ఎస్తేరు రాణి గారు. నేను వెనక వరుసలో కూర్చున్నాను, ఎవరికీ కనబడకుండా. ఆ షాట్ ఉందో తీసేశారో నాకూ తెలియదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

రెండుంబావు గంటలు వీపే. తల్లులు గుర్తుపట్టారు. "అదిగోనండీ, అది మన టీచరు గారి వీపేనండి," అని మార్తమ్మ గారు దైవప్రసాదం గారికి చెప్పడం నాకు వినబడింది.

"వీపు లెక్కలోకి రాదమ్మా," అన్నారాయన, చాలా నొచ్చుకుంటూ.

టోపీ వచ్చింది, పోయింది. గూడకొంగలు వచ్చాయి, పోయాయి. పాతికమంది సైనికులు వచ్చినప్పుడు హాలంతా ఈలలు. ఎస్తేరు రాణి గారు మాత్రం కుర్చీలో కదలకుండా కూర్చుని ఉన్నారు. చివరికి రాజు గారు కళ్ళు మూసుకుని కత్తి దించారు. తెర నల్లబడింది. అయిపోయిందనుకుని జనం చెప్పులు వెతుక్కుంటున్నారు.

మళ్ళీ వెలుగు వచ్చింది. గట్టు, పొగమంచు. పడి ఉన్న మనిషి లేచి కూర్చుంది. జుట్టు వెనక్కి తోసుకుంది. తెర నిండా ఎస్తేరు రాణి గారి ముఖం.

నిలబడినవాళ్ళు నిలబడినట్టే ఉండిపోయారు. ఆ చూపు తిన్నగా వెనక వరుసలో నా మీదికే వచ్చింది. తర్వాత ఆ నవ్వు వచ్చింది. ఇరవై రెండు మంది పిల్లలు ఒక్కసారిగా 'టీచర్' అని అరిచారు. దైవప్రసాదం గారు మెల్లగా లేచి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ప్రభువు మూడో దినమున లేచినట్టుందండీ," అన్నారు, ఎవరితోనో కాదు, తనలో తనే. తర్వాత మార్తమ్మ గారి వైపు తిరిగి, "మిషన్లు వరండాలో వేసుకుందామమ్మా. షెడ్డు వద్దు," అన్నారు.

"అదే మంచిదండి. మా పిల్ల కూడా కాలు బాగా లేపుతోందండి," అంది మార్తమ్మ గారు.

సినిమా వారం ఆడలేదు. ఆ చివరి షాట్ మాత్రం జనం ఫోన్లలో చాలాకాలం తిరిగింది. ఎవరో దాని గురించి పత్రికలో రాశారు కూడా. 'ఒక సామ్రాజ్యాన్నే నిలదీసే చూపు' అన్నారు. చదివి పేపరు మడిచి పెట్టాను. ఆ సామ్రాజ్యం ఎవరో నాకూ మస్తాన్ గారికీ తప్ప ఎవరికీ తెలియదు.

మీకు చెప్పదలచుకున్నది

ఆ షాట్‌కి నంబరు పొరపాటున పడిందని ఇంతకాలం అందరికీ చెప్పాను. పొరపాటు కాదు. అబద్ధం ఆడేవాడు ఒక్కసారి మాట ఇస్తే దాన్ని నిలబెట్టడానికి కూడా అబద్ధమే ఆడాలి, వాడికి వేరే పనిముట్టు ఉండదు. శేషయ్య గారి సూత్రం తప్పని నేను అనను. అది పాటిస్తే ముప్ఫై ఏడేళ్ళు హాయిగా నడుస్తుంది. కానీ ఆ హాయిలో నేను ఎవరెవరికి ఏమేం చెప్పానో వాళ్ళ ముఖాలు ఒక్కటీ నాకు గుర్తులేవు. ఈవిడ ముఖం ఒక్కటే గుర్తుంది. మీరు కళ్ళలోకి చూసే మాట ఇవ్వండి. ఇబ్బంది పడతారు, పడండి.

నిరుడు జూన్‌లో ఎస్తేరు రాణి గారు ఏలూరు వచ్చినప్పుడు మా ఇంటికి వచ్చారు. పిల్లల కరాటే బట్టలు వరండాలో వాళ్ళే కుట్టుకుంటున్నారని చెప్పారు. నేను ఉండబట్టలేక ఆ నంబరు సంగతి మొత్తం చెప్పేశాను. చెప్పి, "ఆ రోజు నన్ను చూసిన చూపు ఇంకా నిద్రలో వస్తుందమ్మా. ఆ కోపం పోయిందా?" అని అడిగాను.

ఆవిడ నా చెప్పులకేసి కాదు, నాకేసే చూశారు.

"లేదండి," అన్నారు, ఎప్పటిలాగే మెత్తగా. "కాఫీ ఇస్తే తాగుతానండి. కోపం మాత్రం ఉంచుకుంటానండి. క్లాసులో పనికొస్తోంది."